పాప బి.ఎఫ్.ఎ ఫొటోగ్రఫీ అంటోంది: ప్రభుత్వ యూనివర్సిటీలో చదివి సినిమా కెమెరా వైపు వెళ్ళగలదా?

రాజన్న_ఉప్పల్
మా పాపకి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. మార్కులు బాగానే వచ్చాయి. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) రాసింది గానీ మనసు దాని మీద లేదు. మాసాబ్‌ట్యాంక్‌లో బి.ఎఫ్.ఎ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఫొటోగ్రఫీ చదువుతానని, తర్వాత సినిమాల్లో కెమెరా డిపార్ట్‌మెంట్‌కి వెళ్తానని పట్టుబట్టింది. నేను ఒక కంపెనీలో స్టోర్స్ చూస్తాను. ప్రైవేటు ఫిల్మ్ కాలేజీల ఫీజులు కనుక్కున్నాక ఆ ఆలోచన పక్కన పెట్టేశాం. ప్రభుత్వ యూనివర్సిటీ అయితే చదివించగలను.

ఫొటోలు తీయడం నాలుగేళ్ళు నేర్చుకుంటే సినిమా కెమెరా వస్తుందా, రెండూ వేరువేరా? ఇంత పెద్ద పరిశ్రమ మన ఊళ్ళోనే ఉంది కదా, సినిమా తీయడమే నేర్పే డిగ్రీ ఇక్కడ ప్రభుత్వంలో ఎక్కడైనా ఉందా? ఆడపిల్ల ఆ పనిలో నిలబడగలదా అని వాళ్ళమ్మకి టెన్షన్. బీటెక్ చేశాక ఏదైనా చేసుకోమని చుట్టాలు అంటున్నారు. చదివినవాళ్ళు, ఆ పనిలో ఉన్నవాళ్ళు ఉంటే చెప్పండి.

నిజాంపేట_శ్రీను
సీఎస్‌ఈ సీటు వచ్చే అవకాశం ఉంటే వదులుకోవద్దు అన్నా. ఫొటోగ్రఫీ శని ఆదివారాలు చేసుకోవచ్చు. మా ఆఫీసులో సగం మంది దగ్గర మంచి కెమెరాలు ఉన్నాయి, అందరూ ఇంజినీర్లే.

చీకటిగది
కెమెరా ఉన్నవాళ్ళు చాలామంది ఉంటారు శ్రీను గారూ. వెలుగుని చదవడం వచ్చినవాళ్ళు తక్కువ.

రాజన్న గారూ, నేను ఆ క్యాంపస్‌లోనే ఫొటోగ్రఫీ చదివాను. అది జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ. 2008లో విడిగా యూనివర్సిటీ అయింది గానీ కాలేజీ చాలా పాతది, 1972 నుంచి జేఎన్‌టీయూ కింద ఉండేది. పాతవాళ్ళు ఇప్పటికీ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ అనే అంటారు. బి.ఎఫ్.ఎ నాలుగేళ్ళు. ఇంటర్‌లో ఏ గ్రూపు అయినా పర్వాలేదు, ఎఫ్‌ఏడీఈఈ అనే ఫైన్ ఆర్ట్స్ ఎంట్రన్స్ రాయాలి. ఒక డ్రాయింగ్ పేపర్, ఒక ఆబ్జెక్టివ్ పేపర్ ఉంటాయి.

ఫొటోగ్రఫీకి డ్రాయింగ్ ఎందుకని అందరూ అడుగుతారు. బొమ్మ గీసే పిల్ల ఒక కుర్చీని అరగంట చూస్తుంది. కెమెరా పట్టుకున్నవాళ్ళు అంతసేపు చూడరు, నొక్కేస్తారు. ఆ చూపు అలవాటు చేయడానికే డ్రాయింగ్.

మాకు ఇచ్చిన పనుల్లో నాకు బాగా గుర్తుండిపోయింది కోడిగుడ్డు. తెల్లబట్ట మీద తెల్ల గుడ్డు పెట్టి, ఒకే లైటుతో, అది గుండ్రంగా కనిపించేలా తీయాలి. లైటు ముందు నుంచి వేస్తే గుడ్డు బట్టలో కలిసిపోతుంది. పక్క నుంచి వేస్తే సగం నల్లబడుతుంది. అవతలి పక్క థర్మోకోల్ షీటు ఎంత దూరంలో పెడితే ఆ నలుపులోకి కొంచెం వెలుగు తిరిగొస్తుందో వెతుక్కోవాలి. హీరోయిన్ క్లోజప్‌కి కెమెరామన్ చేసేది కూడా ఇదే పని. అక్కడ గుడ్డు బదులు ముఖం ఉంటుంది, థర్మోకోల్ పట్టుకోవడానికి ఒక మనిషి ఉంటాడు.

ఆ తర్వాత జ్యూరీ ఉంటుంది. ప్రింట్లు గోడకి పెడితే సార్లు, తోటి పిల్లలు అందరూ చూసి మాట్లాడతారు. ఈ నీడ ఎందుకు ఇక్కడ పడింది, ఈ మనిషి వెనక కరెంటు స్తంభం ఎందుకు వదిలేశావు అని అడుగుతారు. సమాధానం చెప్పాలి. ఇంట్లో కూర్చుని వీడియోలు చూసి నేర్చుకునేవాళ్ళకి ఇది దొరకదు. నాలుగేళ్ళ చదువులో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఆ గోడే.

నిజాంపేట_శ్రీను
గుడ్డు సంగతి బాగుంది. కానీ నాలుగేళ్ళ తర్వాత జీతం ఎంత?

కృష్ణానగర్_వెంకీ
అసలు డిగ్రీ ఎందుకు? నేను పదో తరగతి తర్వాత లైట్ల యూనిట్‌లో చేరాను, అక్కడి నుంచి కెమెరా అసిస్టెంట్ అయ్యాను. సెట్లో ఎవరూ సర్టిఫికెట్ అడగరు. పొద్దున్నే ఆరింటికి వచ్చావా, లెన్స్ పెట్టె భద్రంగా చూసుకున్నావా, పిలిస్తే పలికావా, అంతే చూస్తారు. యూనివర్సిటీలో గుడ్డుకి లైటు పెట్టే టైములో ఇక్కడ రెండు సినిమాలు పూర్తవుతాయి.

ఫోకస్‌పుల్లర్
వెంకీ చెప్పింది నిజమే, సర్టిఫికెట్ అడగరు. కానీ పనిలో ఎదగాలన్నప్పుడు తేడా తెలుస్తుంది.

రాజన్న గారి మొదటి ప్రశ్నకి వస్తాను. స్టిల్ కెమెరా, సినిమా కెమెరా వేరువేరు కాదు. ఎఫ్ స్టాప్ (లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె), లెన్స్, ఎక్స్‌పోజర్, కలర్ టెంపరేచర్ (వెలుగు రంగుని కొలిచే లెక్క) రెండిటికీ ఒకటే. టంగ్‌స్టన్ లైటు 3200 కెల్విన్, పగటి వెలుతురు 5600 దగ్గర. లైటు దూరం రెట్టింపు చేస్తే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. ఇవి స్టిల్స్‌లో నేర్చుకున్నవాళ్ళు సెట్లో మళ్ళీ నేర్చుకోనక్కర్లేదు.

తేడా ఎక్కడొస్తుందంటే కదలిక దగ్గర. స్టిల్స్‌లో షట్టర్ మన ఇష్టం, సెకనులో వెయ్యో వంతైనా పెట్టుకోవచ్చు. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు, మామూలుగా షట్టర్ 180 డిగ్రీలు (360లో సగం సేపు తెరిచి ఉంటుంది), అంటే ఒక్కో ఫ్రేము సెకనులో 48వ వంతు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ల కింద అలా తీస్తే ఫ్లికర్, అంటే బొమ్మలో వెలుగు మినుకుమినుకుమనే ప్రమాదం ఉంటుంది. అందుకని 172.8 డిగ్రీలకి మార్చుకుంటాం. అప్పుడు సరిగ్గా 50వ వంతు అవుతుంది. ఎంపీసీ చదివిన పిల్ల ఈ లెక్క ఒక్క నిమిషంలో వేసేస్తుంది: 360ని 24తో గుణించి 50తో భాగించడమే. లెక్క తెలియకుండా ఆ నంబరు బట్టీ పట్టినవాళ్ళని సెట్లో చాలామందిని చూశాను. ఫ్రేమ్ రేటు మారిస్తే వాళ్ళు ఆగిపోతారు.

ఇవి కాక కంటిన్యూటీ (ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ తేడా రాకుండా చూడటం), షాట్ డివిజన్ (సన్నివేశాన్ని షాట్లుగా విడగొట్టడం), ఎడిటింగ్‌కి ఏం కావాలో తెలియడం. అవి స్టిల్స్ కోర్సులో అంతగా రావు. విడిగా నేర్చుకోవాలి. అందుకు టైము పడుతుంది, కానీ పునాది ఉంటే కష్టం కాదు.

కృష్ణానగర్_వెంకీ
172.8 నాకూ తెలుసు అన్నా 🙂 ఎందుకో ఇవాళ తెలిసింది.

గచ్చిబౌలి_గిరి
రెండో ప్రశ్నకి నేను చెప్తాను, ఎందుకంటే దాని గురించి నాకు చాలా బాధ ఉంది. ఇంటర్ తర్వాత డిగ్రీ స్థాయిలో దర్శకత్వం, సినిమాటోగ్రఫీ, ఎడిటింగ్, సౌండ్ అన్నీ ఒకే కప్పు కింద పూర్తిగా నేర్పే ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ హైదరాబాద్‌లో లేదు. పుణెలో 1960 నుంచి ఉంది. కలకత్తాలో 1995 నుంచి ఉంది, ఈ రెండిట్లో చాలా కోర్సులకి డిగ్రీ తర్వాతే చేరాలి. మద్రాసులో ప్రభుత్వ ఇన్‌స్టిట్యూట్ ఇంకా ముందు నుంచీ ఉంది. తెలుగు పరిశ్రమ మద్రాసు నుంచి ఇక్కడికి వచ్చింది, స్టూడియోలు వచ్చాయి, ల్యాబులు వచ్చాయి, గ్రాఫిక్స్ కంపెనీలు వచ్చాయి. చదువు మాత్రం వెంట రాలేదు.

ఉన్నది ముక్కలు ముక్కలుగా ఉంది. మాసాబ్‌ట్యాంక్‌లో ఫొటోగ్రఫీ, యానిమేషన్. మా హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ కింద కమ్యూనికేషన్, థియేటర్, ఫైన్ ఆర్ట్స్, డాన్స్. అది 1988లో పెట్టింది. నేను కమ్యూనికేషన్ ఎం.ఎ చేశాను. డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్, రేడియో అన్నీ చేతులతో చేయిస్తారు. 90.4లో మా క్యాంపస్ రేడియో వస్తుంది. కానీ అది పీజీ, ఏ డిగ్రీ అయినా చేసి సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రన్స్ సీయూఈటీ పీజీ రాసి రావాలి. తెలుగు యూనివర్సిటీలో రంగస్థలం ఉంది, సినిమా దర్శకత్వంలో పీజీ డిప్లొమా కూడా నడిపారు. ఇది కూడా డిగ్రీ తర్వాతే. ఈ ఏడాది నోటిఫికేషన్‌లో ఏమేం ఉన్నాయో చూసుకోవాలి.

కాబట్టి ఇంటర్ తర్వాత కెమెరా మీద మనసున్న పిల్లకి ఈ ఊళ్ళో ప్రభుత్వంలో ఉన్న సరైన తలుపు మాసాబ్‌ట్యాంక్‌దే. తర్వాత పీజీకి గచ్చిబౌలిలోని మా యూనివర్సిటీకి రావచ్చు, పుణె వెళ్ళొచ్చు.

నిజాంపేట_శ్రీను
గిరి గారూ, తెలుగు యూనివర్సిటీ పేరు మారింది కదా?

గచ్చిబౌలి_గిరి
అవును, 2025లో తెలంగాణ అసెంబ్లీ సురవరం ప్రతాపరెడ్డి పేరు పెడుతూ బిల్లు పాస్ చేసింది. అలవాటు కొద్దీ తెలుగు యూనివర్సిటీ అనేస్తాం. క్యాంపస్ కూడా బాచుపల్లికి మారింది, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ దగ్గర వెతకొద్దు.

తార్నాక_శాంతి
ఇఫ్లూని (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) వదిలేశారు. అక్కడ సినిమా అధ్యయనానికి విడిగా విభాగం ఉంది. కెమెరా నేర్పరు, సినిమాని ఎలా చదవాలో నేర్పుతారు. ఒక సన్నివేశంలో ఎవరు ఎక్కడ నిలబడ్డారు, కులం ఎక్కడ కనిపించింది, ఎక్కడ దాచారు, ప్రేక్షకుడిని ఎవరి వైపు కూర్చోబెట్టారు. ఇవి తెలియకుండా అందమైన ఫ్రేములు పెట్టేవాళ్ళు మనకి ఇప్పటికే చాలామంది ఉన్నారు.

కృష్ణానగర్_వెంకీ
శాంతక్కా, ప్రొడ్యూసరు వచ్చి కాల్‌షీట్ అయిపోతోంది త్వరగా కానీయండి అంటే కులం ఎక్కడ దాచారని ఆలోచించే టైము ఉండదు.

తార్నాక_శాంతి
అందుకే ముందే ఆలోచించి రావాలంటున్నాను. సెట్లో టైము లేదు, నిజమే. కాలేజీలో ఉంటుంది. యూనివర్సిటీ ఇచ్చే పెద్ద ఆస్తి ఆ టైమే.

ఫోకస్‌పుల్లర్
ఈ మాట మీద నేను శాంతి గారి వైపు. పని మీద నేర్చుకునే పద్ధతిని నేను తక్కువ చేయను. విజయా వారి సినిమాలకి కెమెరా పట్టిన మార్కస్ బార్ట్‌లీ పత్రికా ఫొటోగ్రాఫరుగా మొదలుపెట్టినవాడే. కె.విశ్వనాథ్ గారు వాహినీలో సౌండ్ విభాగంలో మొదలుపెట్టి దర్శకులయ్యారు. కానీ ఆ రోజుల్లో స్టూడియోల్లో నెల జీతానికి పనిచేస్తూ నేర్చుకున్నారు. ఆ స్టూడియోయే వాళ్ళకి కాలేజీ. ఇప్పుడు అసిస్టెంట్‌గా చేరితే మొదటి రోజుల్లో చాలాచోట్ల భోజనం, బస్ చార్జీలే. ఇంటి నుంచి డబ్బు వచ్చే పిల్లలు మాత్రమే అలా ఏళ్ళ తరబడి ఉండగలరు. స్టోర్స్‌లో పనిచేసే నాన్న ఎన్నాళ్ళు పంపగలడు? స్కాలర్‌షిప్‌తో నాలుగేళ్ళు చదివే అవకాశం అలాంటి ఇంటి పిల్లలకే ఎక్కువ అవసరం.

రాజన్న_ఉప్పల్
మీరందరూ ఇంత ఓపిగ్గా రాస్తున్నారు, చాలా ధన్యవాదాలు. ఫోకస్‌పుల్లర్ గారు రాసింది ఇంట్లో చదివి వినిపించాను. జీతం సంగతి ఎవరైనా దాచకుండా చెప్తారా? శ్రీను గారు అడిగింది నా మనసులో కూడా ఉంది.

లైట్‌మీటర్_లత
నేను కెమెరా డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్‌ని. ఫొటోగ్రఫీ బి.ఎఫ్.ఎ చదివే వచ్చాను. మీ రెండు టెన్షన్లకీ కలిపి రాస్తాను, కొంచెం పెద్దదవుతుంది.

డబ్బు. మా బ్యాచ్‌లో సినిమాకే వచ్చినవాళ్ళు కొద్దిమందే. ఎక్కువమంది పెళ్ళిళ్ళు, ప్రొడక్ట్ ఫొటోగ్రఫీ, నగల షాపులకి, హోటళ్ళ మెనూలకి ఫొటోలు చేస్తున్నారు. ఒకమ్మాయి పాత తాళపత్రాలు, పత్రాలు డిజిటైజ్ చేసే పనిలో ఉంది, ప్రశాంతంగా ఉందంటుంది. ఇద్దరు డీఐ (తీసిన సినిమాకి కంప్యూటర్‌లో రంగులు సరిచేయడం) వైపు వెళ్ళి కలర్ చేస్తున్నారు. చదువు చెప్పాలనుకునేవాళ్ళు ఎం.ఎఫ్.ఎ చేసి విజువల్ ఆర్ట్‌లో నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) రాస్తారు. పెళ్ళిళ్ళ సీజన్‌లో బాగా వస్తుంది, మూఢం వస్తే ఖాళీ. సినిమాలో ఒక ప్రాజెక్టుకి, ఇంకో ప్రాజెక్టుకి మధ్య ఖాళీలు ఉంటాయి, చెల్లింపు ఆలస్యమవుతుంది. ఒక ప్రొడక్షన్ వాళ్ళు నాకు ఇవ్వాల్సింది ఇప్పటికీ పూర్తిగా ఇవ్వలేదు. సాఫ్ట్‌వేర్ జీతంలా ఒకటో తారీఖున పడదు. అది తెలిసే రావాలి. కెమెరా వాళ్ళ అసోసియేషన్ కార్డు తీసుకోవడానికి కూడా డబ్బు కట్టాలి, దాని కోసం ముందు నుంచే దాచుకోవాలి.

ఆడపిల్ల. పని చేతకాదు అనే మాట నేను ఒప్పుకోను. బి.ఆర్.పంతులు గారి అమ్మాయి బి.ఆర్.విజయలక్ష్మి 1980ల్లోనే తమిళంలో సినిమాటోగ్రాఫర్‌గా నిలబడ్డారు. 2017లో ఇండియన్ ఉమెన్ సినిమాటోగ్రాఫర్స్ కలెక్టివ్ ఏర్పడింది, దేశం మొత్తం మీద కెమెరా పని చేసే ఆడవాళ్ళు అందులో ఉన్నారు. కానీ కష్టం ఎక్కడుందో అమ్మగారికి నిజం చెప్పాలి. ఔట్‌డోర్‌లో బాత్రూం ఉండదు. హీరోయిన్‌కి కారవాన్ ఉంటుంది, మాకు ఉండదు. నేను పొద్దున్నే మేనేజరుని అడిగి ఏర్పాటు చేయించుకుంటాను, అడగడానికి మొహమాటపడితే ఆ రోజంతా నీళ్ళు తాగకుండా గడపాలి, అది ఆరోగ్యానికి మంచిది కాదు. ప్యాకప్ రాత్రి రెండింటికి అయితే ఇంటికి దింపే బండి ముందే మాట్లాడుకోవాలి. కొత్త యూనిట్‌లో ఉండే సీనియర్లు ఎలాంటివాళ్ళో కనుక్కున్నాకే ఒప్పుకుంటాను. కాలేజీ నుంచి వచ్చిన లాభం ఇక్కడ కూడా ఉంది. మా సీనియర్లు, జూనియర్లు ప్రతి యూనిట్‌లో ఎవరో ఒకరు ఉంటారు. ఫోన్ చేస్తే నిజం చెప్తారు. సినిమా పని కోసం ఒంటరిగా కృష్ణానగర్‌లో దిగిన అమ్మాయికి ఆ ఫోన్ నంబర్లు ఉండవు.

రాజన్న_ఉప్పల్
లత గారూ, ఇది మా ఆవిడకి చూపించాను. భయం తగ్గలేదు గానీ ఏం అడగాలో ఇప్పుడు తెలిసింది అంది.

పాతబస్తీ_అజీజ్
బీటెక్ మాట వచ్చింది కాబట్టి మన ఊరి ముచ్చట ఒకటి. లాలా దీన్ దయాళ్ రూర్కీలో ఇంజినీరింగ్ చదివిన మనిషి. ఇందూరులో ప్రభుత్వ పనుల శాఖలో ఉద్యోగం చేశాడు. అక్కడే ఫొటోగ్రఫీ నేర్చుకున్నాడు. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు, సికింద్రాబాద్‌లో 1886లో స్టూడియో పెట్టాడు. నిజామే రాజా బిరుదు ఇచ్చాడు. ఈ దేశపు ఫొటోగ్రఫీ చరిత్ర ఎవరు రాసినా ఆయన పేరు లేకుండా రాయలేరు.

రాజన్న భాయ్, మీ బేగం సాహిబాకి ఇది కూడా చెప్పండి. 1892లో ఆయన హైదరాబాద్‌లో జెనానా స్టూడియో పెట్టించాడు. పరదా పాటించే ఆడవాళ్ళు ఫొటో దిగడానికి. లోపల ఫొటో తీసేది కూడా ఆడవాళ్ళే, ఒక ఇంగ్లీషు ఆవిడ చూసుకునేది. అంటే ఈ ఊళ్ళో ఆడవాళ్ళు కెమెరా పట్టి నూట ముప్పై ఏళ్ళు దాటింది.

చీకటిగది
అజీజ్ భాయ్, ఇది మా క్లాసులో చెప్పాల్సిన విషయం. చరిత్ర పేపర్లో యూరప్ నుంచి మొదలుపెట్టి అక్కడే చాలాసేపు తిరిగేవాళ్ళం. వరంగల్ నుంచి వచ్చి తెలంగాణ పల్లె తలుపులు, బతుకమ్మలు, బోనాలు జీవితాంతం తీసిన భరత్ భూషణ్ గురించి నేను చదువు అయిపోయాకే తెలుసుకున్నాను. ఆయన 2022లో పోయారు. ఆయన పనినే ఒక సెమిస్టర్ పాఠంగా పెట్టాలని నా కోరిక.

నిజాంపేట_శ్రీను
దీన్ దయాళ్ ముందు ఇంజినీరింగ్ చదివాడు కదా, అంటే నా మాటే నెగ్గింది 😀

పాతబస్తీ_అజీజ్
ఉద్యోగం వదిలేశాకే రాజా అయ్యాడు భాయ్!

ప్రవీణ్_ఎల్‌బీనగర్
ప్రభుత్వ కాలేజీ అంటే అందరూ పొగుడుతున్నారు, ఇంకో పక్క కూడా ఉండాలి. మా తమ్ముడు ఒక ప్రభుత్వ సంస్థలోనే ఇలాంటి కోర్సు చదివాడు. ఎక్కడో చెప్పను. స్టూడియోలో లైట్లు పాడైతే బాగు చేయించడానికి ఫైలు తిరిగేది. పర్మినెంట్ సార్లు తక్కువ, మిగతావాళ్ళు గెస్ట్ ఫ్యాకల్టీ, వాళ్ళకి జీతాలు ఆగితే క్లాసులు ఆగేవి. పరీక్షలు వెనక్కి జరిగేవి. నాలుగేళ్ళ కోర్సు నాలుగేళ్ళలో అయిపోతుందని రాసుకోకండి.

చీకటిగది
ఇది కాదనలేను. లైట్లు తక్కువ ఉన్నప్పుడు మేం రాత్రి పూట కారిడార్‌లో టేబుల్ ల్యాంపు, ట్రేసింగ్ పేపరుతో పని చేసుకున్నాం. అలా ఉండటం సరైనదని అనడం లేదు. పన్నులు కట్టే జనం పిల్లలు చదివే చోట లైట్లు వెలగాలి. విద్యార్థులు గట్టిగా అడగాలి.

ప్రవీణ్ గారూ, మీ తమ్ముడు ఇప్పుడు ఏం చేస్తున్నాడు?

ప్రవీణ్_ఎల్‌బీనగర్
ఒక న్యూస్ చానల్లో వీడియో జర్నలిస్టు. బాగానే ఉన్నాడు. కాలేజీని తిడతాడు, కాలేజీ స్నేహితులతోనే తిరుగుతాడు.

సంధ్య_సైనిక్‌పురి
ప్రైవేటు వైపు అనుభవం నాది. పేరు చెప్పను. ఆరు నెలల సినిమాటోగ్రఫీ కోర్సు అని లక్షల్లో కట్టించుకున్నారు. పెద్ద కెమెరాని అద్దెకి తెచ్చి ఒక్క పూట చూపించారు, ముట్టుకోవడానికి లైను కట్టాం. ప్రచారం బ్రోచర్లో మాత్రం ఆ కెమెరా ప్రతి పేజీలో ఉంది. ప్రవీణ్ గారు చెప్పిన ఫైళ్ళు అక్కడ ఉండవు, నిజమే. కానీ అడిగితే జవాబు చెప్పే బాధ్యత కూడా ఎవరికీ లేదు. చూసుకోవాల్సింది ఇంకొకటి. కొన్ని ప్రైవేటు కాలేజీలు ప్రభుత్వ యూనివర్సిటీకి అనుబంధంగా ఉంటాయి, డిగ్రీ మీద యూనివర్సిటీ పేరు ఉంటుంది, ఫీజు మాత్రం ప్రైవేటుదే. యూనివర్సిటీ పేరు చూసి ఫీజు తక్కువ అనుకోవద్దు.

గచ్చిబౌలి_గిరి
సంధ్య గారు మంచి మాట గుర్తు చేశారు. యూనివర్సిటీలో కూడా రెగ్యులర్ సీటా, సెల్ఫ్ ఫైనాన్స్ సీటా అన్నదాన్ని బట్టి ఫీజు మారుతుంది. రాజన్న గారూ, నోటిఫికేషన్‌లో ఆ కాలమ్ చూడకుండా ఆప్షన్ పెట్టొద్దు.

మౌనిక_ఉప్పల్
నేనే ఆ పాపని. నాన్న చూపిస్తే మొదటి నుంచీ చదివాను. గుడ్డు ప్రయోగం నిన్న రాత్రి చేశాను, ఫోన్ టార్చ్‌తో. ముందు నుంచి వేస్తే నిజంగానే మాయమైపోయింది. పక్కన తెల్ల నోట్‌బుక్ పెట్టాక వచ్చింది.

నాకు రెండు సందేహాలు. డ్రాయింగ్ నాకు అంతంత మాత్రమే వచ్చు, కోచింగ్‌కి వెళ్ళాలా? ఇంకోటి, ఇప్పుడే కెమెరా కొనాలా? నాన్న అప్పు చేసైనా కొంటానంటున్నారు, నాకు ఇష్టం లేదు.

చీకటిగది
అప్పు వద్దమ్మా. ఎంట్రన్స్‌లో కెమెరా అడగరు. సీటు వచ్చాక, క్లాసులు మొదలయ్యాక, ఏ పనికి ఏది కావాలో సార్లని అడిగి కొనుక్కో. మాన్యువల్ మోడ్ ఉన్న పాత డీఎస్‌ఎల్‌ఆర్, ఒక 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ చాలు. ఒకే లెన్స్ ఉంటే కాళ్ళు కదులుతాయి, జూమ్ ఉంటే నిలబడిపోతాం.

కోఠి_కెమెరా
సెకండ్‌హ్యాండ్‌కి కోఠి గుజరాతీ గల్లీ రండి. కొనేముందు షట్టర్ కౌంట్ (ఆ కెమెరా ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందో) అడగండి. లెన్స్‌ని వెలుతురుకి పట్టి లోపల చూడండి, సాలెగూడులాగా కనిపిస్తే ఫంగస్, వద్దు. బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. బిల్లు లేని సరుకు ఎంత చవకైనా తీసుకోవద్దు, దొంగసరుకు అయితే పోలీసులు మీ ఇంటికే వస్తారు.

లైట్‌మీటర్_లత
మౌనికా, డ్రాయింగ్ గురించి. ఎంట్రన్స్‌లో అడిగే మెమరీ డ్రాయింగ్ అంటే ఎదురుగా ఏమీ లేకుండా గుర్తున్నది గీయడం, రంగులు వేయడం. బస్టాప్‌లో వాన, కూరగాయల మార్కెట్, బోనాల ఊరేగింపు, ఇలాంటివి సాధన చెయ్యి. రోజూ ఉప్పల్ నుంచి మెట్రోలో వెళ్ళేటప్పుడు ఎదురుగా కూర్చున్న మనుషుల్ని చూసి, ఇంటికి వచ్చాక గీయి. మనుషుల నిష్పత్తి, దగ్గరవి పెద్దగా దూరంవి చిన్నగా కనిపించే లెక్క, ఈ రెండూ సరిగ్గా వస్తే రంగులు కొంచెం అటూ ఇటూ అయినా పర్వాలేదు. కోచింగ్ తప్పనిసరి కాదు. గీసేవాళ్ళు ఎవరైనా పక్కన ఉండి తప్పులు చెప్పాలి, అంతే. పాత పేపర్లు ముందు పెట్టుకుని టైము చూసుకుంటూ గీయడం అలవాటు చేసుకో.

తార్నాక_శాంతి
ఈలోపు సినిమాలు చూడటం మొదలుపెట్టు. రవీంద్రభారతిలో పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ ఉంది. కరీంనగర్‌లో పుట్టి బొంబాయిలో హీరో అయి 1980 సంవత్సరానికి ఫాల్కే అవార్డు అందుకున్న ఆయన పేరు మీద. అక్కడ భాషా సాంస్కృతిక శాఖ వాళ్ళు శనివారాలు సినివారం పేరుతో కొత్తవాళ్ళ షార్ట్ ఫిల్ములు వేశారు, తర్వాత తీసినవాళ్ళతో చర్చ. బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో కూడా ప్రదర్శనలు ఉంటాయి. ఎప్పుడేం ఉందో కనుక్కుని వెళ్ళు. మొదట ఒక్కసారి కథ కోసం చూడు, రెండోసారి సౌండ్ ఆపేసి చూడు.

మౌనిక_ఉప్పల్
సౌండ్ ఆపితే ఏం తెలుస్తుంది అక్కా?

తార్నాక_శాంతి
ఎక్కడ కట్ అయిందో, ఎందుకు అయిందో కనిపిస్తుంది. పాట, డైలాగు ఉన్నప్పుడు మన దృష్టి వాటి వెంట పోతుంది. అలా ఒక పది నిమిషాల సన్నివేశం కాగితం మీద షాట్ల వారీగా రాసుకో. ఫోకస్‌పుల్లర్ గారు చెప్పిన షాట్ డివిజన్ నీకు నువ్వే నేర్చుకోవచ్చు.

ఫోకస్‌పుల్లర్
ఎంపీసీ గురించి ఇంకో మాట, శ్రీను గారికి కూడా నచ్చుతుంది. పుణె ఇన్‌స్టిట్యూట్‌లో సౌండ్ రికార్డింగ్ కోర్సుకి డిగ్రీతో పాటు ఇంటర్‌లో ఫిజిక్స్ ఉండాలి. కాబట్టి మౌనిక చదివిన ఫిజిక్స్ ఎక్కడికీ పోదు. సినిమాటోగ్రఫీకి ఏ డిగ్రీ అయినా సరే, పోటీ మాత్రం గట్టిగా ఉంటుంది. అక్కడికి వెళ్ళేటప్పటికి నాలుగేళ్ళు వెలుగుతో పని చేసి ఉంటే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి సొంత పని ఉంటుంది. బాహుబలి కెమెరామన్ మన కె.కె.సెంథిల్ కుమార్ గారు సికింద్రాబాద్ నుంచి పుణె వెళ్ళి చదివి వచ్చినవారే.

కృష్ణానగర్_వెంకీ
మౌనిక చెల్లే, రెండో ఏడాది సెలవుల్లో ఒక వారం మా యూనిట్‌కి రా. మా కెమెరామన్ సార్‌ని అడిగి చూస్తాను. లతక్క ఉన్న షెడ్యూల్ అయితే ఇంకా మంచిది. లెన్స్ పెట్టె పట్టుకోవడం నేను నేర్పుతాను. షట్టర్ లెక్కలు నువ్వు మాకు చెప్పు.

లైట్‌మీటర్_లత
తప్పకుండా. అమ్మగారు కూడా ఒక రోజు సెట్‌కి వచ్చి చూడొచ్చు.

నిజాంపేట_శ్రీను
నేనింకా బీటెక్ పక్షమే. డబ్బు భద్రత చిన్న విషయం కాదు, లత గారు రాసిన బాకీ సంగతే చూడండి. కానీ ఒక మాట, టార్చ్‌తో రాత్రి పూట గుడ్డు పెట్టుకుని కూర్చునే పిల్ల సీఎస్‌ఈ క్లాసులో కూర్చుంటుందా అంటే నాకు సందేహమే. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో కూడా పేరు ఉంచండి అన్నా, రెండు తలుపులూ తెరిచి ఉంటాయి.

రాజన్న_ఉప్పల్
ఉంచుతాను శ్రీను గారూ. సోమవారం సెలవు పెట్టి నేనూ పాపా మాసాబ్‌ట్యాంక్ వెళ్తున్నాం. క్యాంపస్‌లో ఎవరిని కలవాలి, ఏం అడగాలి?

చీకటిగది
ఆఫీసులో నోటిఫికేషన్ వివరాలు, సీట్ల సంగతి, హాస్టల్ సంగతి కనుక్కోండి. తర్వాత ఫొటోగ్రఫీ విభాగానికి వెళ్ళి మూడో ఏడాది, నాలుగో ఏడాది పిల్లలతో మాట్లాడండి. వాళ్ళ ప్రింట్లు చూపించమనండి, సంతోషంగా చూపిస్తారు. ఈ సెమిస్టర్ స్టూడియోలో లైట్లు పని చేస్తున్నాయా, ఇంట్లోంచి నెలకి ఎంత ఖర్చవుతోంది అని వాళ్ళనే అడగండి. ప్రింట్లు, ఫ్రేములు, ఔట్‌డోర్ ప్రయాణాలు ఫీజులో కలవవు. మొదటి ఏడాది కంటే చివరి ఏడాది ఎక్కువ అవుతుంది.

గచ్చిబౌలి_గిరి
ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి ఇన్‌కమ్, కుల సర్టిఫికెట్లు కావాలి. మీసేవలో ఇప్పుడే పెట్టేయండి, కౌన్సెలింగ్ మొదలయ్యాక అక్కడ పెద్ద క్యూ ఉంటుంది. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో పాప పేరు, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయో లేదో ఈ రాత్రే చూసుకోండి.

రాజన్న_ఉప్పల్
మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో మొదటి అక్షరమే ఉంది. రేపు పొద్దున్న ముందు ఆధార్ సెంటర్‌కి వెళ్తాను.